ఫైరింజను వచ్చేలోగా...

వేసవి వచ్చిందంటే మన ఆడవాళ్ళకు చేతినిండా పనే. చింతపండు కొట్టి ఉప్పేసి దాచుకోవాలి, వడియాలు పెట్టాలి, ఊరగాయలకు కారం ఆడించాలి. ఈ సందడిలో మనం అంతగా పట్టించుకోని సంగతి ఒకటుంది. మన సీమలో నిప్పుకు కూడా ఇదే సీజను! గడ్డి ఎండి గలగలలాడుతుంటుంది, బావుల్లో నీళ్ళు అడుగంటుతాయి, మధ్యాహ్నమయ్యేసరికి సుడిగాలి లేస్తుంది. ఒక్క నిప్పురవ్వ చాలు.

హిందూపురానికో, పెనుకొండకో, ధర్మవరానికో పాతిక కిలోమీటర్ల దూరంలో ఓ పల్లె ఉందనుకోండి. పగటి పూట మగవాళ్ళు పొలాల్లోనో, ఫ్యాక్టరీ పనుల్లోనో ఉన్నారు. వామిదొడ్డిలో పొగ లేచింది. ఫోన్ చేసి, అడ్రసు చెప్పి, బండి బయల్దేరి, ఆ మలుపుల రోడ్డు మీద ఊరు చేరేసరికి అరగంట పట్టినా ఆశ్చర్యం లేదు. ఎండిన వామి బూడిద కావడానికి అంతసేపు అక్కర్లేదు కదా! మరి ఆ అరగంట ఎవరిది? మనదే. ఊళ్ళో ఉన్న ఆడవాళ్ళది, ముసలివాళ్ళది, ఇంటిపట్టున ఉన్న పిల్లలది.

వామి పోతే పోనీలే అనుకోవడానికి కూడా లేదండీ. సాలీనా 550 మిల్లీమీటర్ల వాన పడితేనే గొప్పనుకునే నేల మనది. వేరుశనగ కట్టె, వరిగడ్డి ఏడాది పొడవునా పశువులకు మేత. అది కాలితే కొత్త మేత కొనే స్తోమత లేక ఆవునో ఎద్దునో సంతకు తోలేయాల్సి వస్తుంది. పాల డబ్బులతో పిల్లల ఫీజులు కట్టుకునే ఇల్లాలికి ఆ నష్టం ఎంతటిదో వేరే చెప్పాలా?

అందుకే ఈసారి, ఫైరింజను లేని చోట మనుషులు నిప్పును ఎలా ఎదుర్కొన్నారు, ఇతర దేశాల పల్లెల్లో ఏం చేశారు, మనమేం చేయవచ్చు అన్నది చెప్పుకుందాం.

కౌటిల్యుడి కాలంలోనే!

నిప్పు జాగ్రత్తలు తెల్లవాళ్ళు నేర్పినవని చాలామంది అనుకుంటారు. కాదండీ. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో నగరపాలన గురించి చెప్పినచోట ఇవన్నీ ఉన్నాయి. వేసవిలో పగటివేళను నాలుగు భాగాలు చేస్తే నడిమి రెండు భాగాల్లో ఇంట్లో నిప్పు రాజేయకూడదు, కాదంటే వంట ఇంటి బయట చేసుకోవాలి. అలా చేయకపోతే జరిమానా. ప్రతి ఇంట్లోనూ నీళ్ళ కుండలు, తొట్టి, నిచ్చెన, గొడ్డలి, కొక్కెం, తోలుతిత్తితో పాటు చేట కూడా సిద్ధంగా ఉండాలట! మనం బియ్యం చెరిగే చేటకు అప్పట్లోనే నిప్పు సామగ్రిలో చోటుంది చూశారా!

అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఇంకొకటి. పక్కిల్లు కాలుతుంటే ఆర్పడానికి పరిగెత్తని ఇంటి యజమానికి 12 పణాలు, అద్దెకున్నవాడికి 6 పణాలు జరిమానా. అంటే నిప్పార్పడం రాజుగారి ఉద్యోగుల పని మాత్రమే కాదు, పొరుగువాడి బాధ్యత అని అప్పుడే తేల్చి చెప్పారన్నమాట.

మన పల్లెల్లో ఈ పద్ధతి ఎవరూ రాయకుండానే నడిచింది. నిప్పంటే గుడి గంట మోగేది, లేదా తప్పెట కొట్టేవారు. ఎవరింట్లో ఉన్న కడవ వాళ్ళు పట్టుకుని వచ్చేవారు. బావి నుంచి మంట దాకా మనుషులు వరసగా నిలబడి నిండు కడవలు ఒకరి చేతి నుంచి ఒకరికి అందించేవారు, ఖాళీవి వెనక్కి పంపేవారు. బలమున్న మగవాళ్ళు కొట్టం మీది బోద పీకి పారేసేవారు, మంట పక్కింటికి పాకకుండా. పచ్చి వేపకొమ్మలు, కానుగకొమ్మలు విరిచి నేల మీది మంటను బాదేవారు. పశువుల తాళ్ళు కోసి తరిమేసేవారు. నీళ్ళు చాలకపోతే మట్టి, బూడిద, పేడనీళ్ళు... ఏది దొరికితే అది. మంట ఆరాక ఇల్లు కాలినవాళ్ళకు ఆ పూట అన్నం పక్కింటినుంచే వచ్చేది.

ఇందులో కడవలు తెచ్చి, నీళ్ళు తోడి, పిల్లలను, పశువులను తప్పించి, తర్వాత అన్నం పెట్టింది ఎవరు? ఎక్కువ భాగం మన ఆడవాళ్ళే. కానీ ఆ పనికి పేరు లేదు, లెక్క లేదు.

పేరు పెట్టుకున్నవాళ్ళు

ఇదే పనికి ఒక పేరు, ఒక గంట, ఒక శిక్షణ ఇచ్చుకున్న దేశాలున్నాయి. అమెరికాలో ఫిలడెల్ఫియా పట్టణంలో 1736 డిసెంబరు 7న బెంజమిన్ ఫ్రాంక్లిన్, ఆయన స్నేహితులు కలిసి యూనియన్ ఫైర్ కంపెనీ అని పెట్టుకున్నారు. కంపెనీ అంటే వ్యాపారం కాదండీ, పొరుగువాళ్ళ సంఘం. సభ్యులు సుమారు ముప్పై మంది. ఒక్కొక్కరూ తోలు బకెట్లు, ఇంట్లో సామాను మూటగట్టి తీసుకురావడానికి గట్టి సంచులు సొంత ఖర్చుతో ఉంచుకోవాలి, ఎవరింట్లో నిప్పంటుకున్నా వాటితో పరిగెత్తాలి. జీతం లేదు.

దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో వాల్పరైసో అనే రేవు పట్టణం ఉంది. 1850 డిసెంబరులో అక్కడ పెద్ద అగ్నిప్రమాదం జరిగితే, 1851లో ఊరివాళ్ళే స్వచ్ఛందంగా అగ్నిమాపక దళం ఏర్పరచుకున్నారు. ఈనాటికీ ఆ దేశంలో నిప్పార్పేవాళ్ళంతా జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలే. పగలు డాక్టరో, బడిపంతులో, దుకాణదారో అయినవాడు సైరన్ మోగగానే హెల్మెట్ పెట్టుకుని బయల్దేరతాడు. జర్మనీలో ఇలాంటివాళ్ళు దాదాపు పది లక్షలమంది. జపాన్ లో ఊరూరా ఉండే దళాల్లో ఏడెనిమిది లక్షలమంది ఉన్నారు, వాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు.

అమెరికా పల్లెల్లో ఇంకో ముచ్చటైన ఏర్పాటుంది. పట్నానికి దూరంగా ఉన్న కొన్ని ఊళ్ళు కలిసి ‘ఫైర్ డిస్ట్రిక్ట్’ అని ఏర్పరచుకుంటాయి. డిస్ట్రిక్ట్ అనగానే మన జిల్లా అంత పెద్దది అనుకోకండి. నాలుగైదు పల్లెల గుంపు కూడా కావచ్చు. ఇంటికీ భూమికీ కొద్దిపాటి పన్ను వేసుకుంటారు, ఆ డబ్బుతో ఒక బండి, ఒక షెడ్డు, గొట్టాలు. లెక్క చూడడానికి ఊరివాళ్ళు ఎన్నుకున్న నలుగురైదుగురు. నిప్పార్పేది మాత్రం రైతులు, మెకానిక్కులు, బడి బస్సు డ్రైవర్లు. ఆ దేశం మొత్తం మీద నిప్పార్పేవాళ్ళలో మూడింట రెండు వంతులమంది ఇలాంటి స్వచ్ఛంద సేవకులేనంటే నమ్ముతారా?

పన్ను డబ్బు చాలనప్పుడు ఏం చేసేవారో తెలుసా? ఆ ఊళ్ళ ఆడవాళ్ళు మహిళా సహాయక సంఘాలు పెట్టుకుని, కేకులు చేసి అమ్మి, ఊరందరికీ భోజనాలు వండి, వచ్చిన డబ్బుతో గొట్టాలు, పంపులు కొనిపించారు. పెద్ద మంటల దగ్గర గంటల తరబడి పనిచేసేవాళ్ళకు కాఫీలు, తిండి అందించారు. తర్వాత తర్వాత వాళ్ళే హెల్మెట్లు పెట్టుకుని బండెక్కారు. వంటింటి నుంచి ఫైరింజను దాకా వేసుకున్న దారి అది.

మన దేశంలో...

ఏప్రిల్ 14 అంటే మనకు అంబేద్కర్ జయంతి. అదే రోజు అగ్నిమాపక సేవా దినం కూడా. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టైకిన్ అనే ఓడకు నిప్పంటుకుంది. అందులో పత్తి బేళ్ళూ ఉన్నాయి, పేలుడు పదార్థాలూ ఉన్నాయి. ఆర్పడానికి వెళ్ళిన అగ్నిమాపక సిబ్బందిలో 66 మంది ఆ పేలుళ్ళలో ప్రాణాలు విడిచారు. ఊళ్ళో చనిపోయినవాళ్ళు వందల్లో. వాళ్ళ జ్ఞాపకార్థం ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతారు. బడుల్లో, బస్టాండుల్లో ఖాకీ దుస్తులవాళ్ళు మంట వేసి ఆర్పి చూపిస్తుంటారే, అవే ఇవి.

స్వచ్ఛంద సేవ మన దేశానికీ కొత్తేం కాదు. 1946 డిసెంబరులో బొంబాయిలో హోంగార్డులు మొదలయ్యారు. 1962లో చైనా యుద్ధం వచ్చాక దేశమంతటా ఆ దళాలను తీర్చిదిద్దారు. 1968లో పౌర రక్షణ చట్టం వచ్చింది. నిప్పార్పడం, గాయపడినవాళ్ళను మోయడం నేర్పి మామూలు పౌరులను వార్డెన్లుగా తయారుచేయాలన్నది దాని ఉద్దేశం. కాకపోతే అది ముఖ్యంగా యుద్ధభయం ఉన్న నగరాలకు, ముఖ్య పట్టణాలకు ఉద్దేశించినది. మన పల్లె గడప దాకా అది రాలేదు.

ఇక్కడ ఇంకో విచిత్రం చూడండి. 1993లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగ సవరణలు పట్టణాలకూ, పంచాయతీలకూ అప్పగించదగ్గ పనుల జాబితాలు ఇచ్చాయి. మునిసిపాలిటీల జాబితాలో అగ్నిమాపక సేవ ఉంది. పంచాయతీల జాబితాలోని 29 అంశాల్లో అది లేదు! వంటచెరకు, పశుగ్రాసం ఉన్నాయి గానీ, అవి అంటుకుంటే ఆర్పే పని లేదు. మన రాష్ట్రంలో ఆ పని ప్రభుత్వ శాఖే చూస్తుంది. దానికి 1999లో ప్రత్యేకంగా అగ్నిమాపక సేవల చట్టం కూడా చేశారు. దేశంలో అగ్నిమాపక కేంద్రాలను పెంచడానికి, కొత్త బండ్లు కొనడానికి కేంద్ర ప్రభుత్వం 2023లో 5,000 కోట్ల రూపాయల పథకం ప్రకటించింది. మంచిదే.

పట్టణంలో 5 నుంచి 7 నిమిషాల్లో, పల్లెలో 20 నిమిషాల్లో బండి చేరాలని దేశంలో అగ్నిమాపక సేవలకు సలహాలిచ్చే మండలి లెక్క కట్టింది. రోడ్డు బాగుండి, బండి వేరేచోటికి వెళ్ళకుండా ఉంటేనే ఆ 20 నిమిషాలు! వెళ్ళేవాళ్ళ తప్పు ఇందులో ఏమీ లేదు. దూరం దూరమే కదా.

ఈ రంగంలో ఆడవాళ్ళ మాట వచ్చింది కాబట్టి ఒక పేరు చెప్పాలి. నాగపూర్ లోని జాతీయ అగ్నిమాపక సేవా కళాశాలలో 2002లో చేరిన మొట్టమొదటి మహిళ హర్షిణీ కన్హేకర్. అంతదాకా అది మగపిల్లల కాలేజీగానే నడిచింది. ఆమె చదువు పూర్తిచేసి ఉద్యోగంలో చేరి, బరువైన గొట్టాలు పట్టి మంటలార్పింది.

మన మూడు ఊళ్ళ కథ

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడింట్లోనూ అగ్నిమాపక కేంద్రాలున్నాయి. ఈ మూడూ 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లాలో ఉండేవి, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోవి. పెనుకొండ నడుమ ఉంటే హిందూపురం ఒకవైపు, ధర్మవరం ఇంకోవైపు సుమారు 40 కిలోమీటర్ల చొప్పున దూరం. మధ్యలో ఎన్నెన్ని పల్లెలు!

ఈ రైలుదారి వెంట జరిగిన రెండు ఘోరాలు మన ప్రాంతం వాళ్ళు మరిచిపోలేరు. 2012 మే 22న తెల్లవారుజామున హుబ్లీ నుంచి బెంగుళూరు వెళుతున్న హంపి ఎక్స్ ప్రెస్, పెనుకొండ స్టేషన్లో ఆగి ఉన్న గూడ్సు బండిని గుద్దుకుంది. బోగీకి నిప్పంటుకుంది. 25 మంది చనిపోయారు. 2013 డిసెంబరు 28న, అదీ తెల్లవారుజామునే, కొత్తచెరువు దగ్గర బెంగుళూరు - నాందేడ్ ఎక్స్ ప్రెస్ ఏసీ బోగీ కాలి 26 మంది పోయారు. ఏసీ బోగీ కిటికీలు తెరుచుకునేవి కావు కదా, పొగ లోపలే నిండిపోయింది.

ఇంకొకటి, 2022 జూన్ 30 నాటిది. ధర్మవరం పక్కనున్న తాడిమర్రి మండలం చిల్లకొండయ్యపల్లి దగ్గర కూలికి వెళుతున్న ఆడవాళ్ళ ఆటో మీద కరెంటు తీగ తెగిపడింది. క్షణాల్లో ఆటో అంటుకుంది. ఐదుగురు ఆడవాళ్ళు అక్కడికక్కడే కాలిపోయారు. పొద్దున్నే సద్దిమూట కట్టుకుని పనికి బయల్దేరిన మనలాంటివాళ్ళే వాళ్ళు.

ఈ మూడూ ఎందుకు గుర్తుచేశానంటే, ఇవి మూడు పాఠాలు చెబుతున్నాయి. ఒకటి, ప్రమాదం అర్ధరాత్రో అపరాత్రో వస్తుంది, అప్పుడు దగ్గరలో ఉండేది ఊరివాళ్ళే. రెండు, మంటకన్నా ముందు పొగే ప్రాణం తీస్తుంది. మూడు, కరెంటు ఉన్నచోట ధైర్యం ఒక్కటే చాలదు, తెలివిడి కావాలి. తెగిన తీగ దగ్గరికి పరిగెత్తినవాడు తానూ పోతాడు. సాయం చేయాలన్న మనసు మనవాళ్ళకు ఎప్పుడూ ఉంది. ఎలా చేయాలో నేర్పే ఏర్పాటు లేదు, అంతే.

మూడు ఊళ్ళకూ మూడు రకాల భయాలున్నాయి. ధర్మవరంలో చాలా ఇళ్ళకు మగ్గమే ఇల్లు, ఇల్లే మగ్గం. పట్టుదారం, జరీ డబ్బాలు, అట్టపెట్టెలు, ఒకే ప్లగ్గుకు నాలుగు తీగలు, ఆ పక్కనే గ్యాసు పొయ్యి. వేలకు వేల రూపాయల పట్టు ఒక్క రాత్రిలో బుగ్గి కావచ్చు. హిందూపురం చుట్టుపక్కల పట్టుపురుగుల షెడ్లలో వెదురు చంద్రికలు, ఎండు కొమ్మలు ఉంటాయి. పట్టుగూళ్ళు ఉడికించి దారం తీసే రీలింగు చోట్ల కట్టెల పొయ్యిలు పగలంతా మండుతుంటాయి. పెనుకొండ వైపు కొండగడ్డి ఎండితే మంట గట్టు మీద నుంచి పొలాల్లోకి, అక్కడి నుంచి వాముల్లోకి దిగుతుంది.

నీళ్ళ సంగతి మొదట

పాతకాలపు బావికీ, ఇప్పటి బోరుకూ ఒక తేడా ఉంది. నిప్పంటుకుందని తెలియగానే చేయాల్సిన మొదటి పని కరెంటు ఆపేయడం. కరెంటు ఆగితే బోరు మోటారు తిరగదు. కొళాయిలో నీళ్ళు రావు. ఇంట్లో పది కొళాయిలున్నా ఆ సమయానికి పనికొచ్చేది తొట్టిలో, డ్రమ్ముల్లో నిలవ ఉన్న నీళ్ళే. అందుకని పశువుల కొట్టం దగ్గర ఒక పెద్ద డ్రమ్ము, రెండు బకెట్లు వేసవి నాలుగు నెలలూ నిండుగా ఉంచుకోండి. అది తాగే నీళ్ళు కానక్కర్లేదు, బట్టలు ఉతికిన నీళ్ళయినా సరే. దోమలు చేరకుండా మూత పెట్టండి, వారానికోసారి ఆ నీళ్ళు చెట్లకు పోసి మళ్ళీ నింపండి.

ఇంకో సంగతి. మామూలు ఫైరింజను సుమారు నాలుగున్నర వేల లీటర్ల నీళ్ళతో వస్తుంది. గొట్టం తిప్పితే కొద్ది నిమిషాల్లో అయిపోతాయి. మళ్ళీ నింపుకోవడానికి దగ్గరలో చెరువు ఎక్కడ, నీళ్ళున్న బావి ఎక్కడ, బండి పట్టే దారేది అని చూపించే మనిషి ఊళ్ళో ముందే సిద్ధంగా ఉంటే ఎంత సమయం కలిసొస్తుందో ఆలోచించండి.

సంఘం మీటింగులో ఒక గంట

మన దగ్గర ఫైర్ డిస్ట్రిక్ట్ లేదు. అయితే ఊరూరా డ్వాక్రా సంఘాలున్నాయి. పదిమంది ఆడవాళ్ళు నెలనెలా కూర్చుని పొదుపు లెక్క చూసుకుంటున్నారు, బ్యాంకుకు వెళుతున్నారు. ఇంతకన్నా మంచి దళం ఇంకేం కావాలి? ఫాల్గుణ మాసం రాగానే ఒక మీటింగులో ఒక్క గంట దీనికోసం ఇవ్వండి. చేయాల్సినవి ఇవీ:

1. ఎవరు ఏ పని చేయాలో పంచుకోండి. ఒకరు ఫోను చేయాలి. ఒకరు రోడ్డు మీదికి వెళ్ళి బండికి దారి చూపాలి. ఇద్దరు ముసలివాళ్ళను, పిల్లలను బయటికి తేవాలి. ఇద్దరు పశువుల తాళ్ళు విప్పాలి. మిగిలినవాళ్ళు నీళ్ళ వరస.

2. నంబర్లు సంఘం పుస్తకం అట్ట మీద రాసి పెట్టుకోండి. నిప్పుకు 101, ఏ ఆపదకైనా 112, అంబులెన్సుకు 108, తెగిన కరెంటు తీగకు 1912, గ్యాసు లీకైతే 1906. ఫోనులో ఊరి పేరు, మండలం, దగ్గరి గుర్తు, ఏం కాలుతోందో చెప్పి, వాళ్ళు పెట్టేదాకా మీరు పెట్టేయకండి.

3. గుడి మైకు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో తెలుసుకోండి. పాత తప్పెట పని ఇప్పుడది చేస్తుంది.

4. మందు కొట్టే స్ప్రేయర్లు, ట్రాక్టరు నీళ్ళ ట్యాంకర్లు ఊళ్ళో ఎవరెవరికి ఉన్నాయో లెక్క రాసుకోండి. కడిగిన స్ప్రేయరులో నీళ్ళు నింపితే గడ్డిమంటను అంచుల్లో ఆపడానికి పనికొస్తుంది.

5. ఏప్రిల్ వారోత్సవాలప్పుడు దగ్గరి అగ్నిమాపక కేంద్రానికి ఒక కాగితం రాసి, మా ఊరికి వచ్చి చూపించండి అని అడగండి. జనానికి నేర్పడం వాళ్ళ పనుల్లో ఒకటే. చూసి ఊరుకోకుండా ఆ ఎర్ర సిలిండరు మీ చేత్తో పట్టుకుని పిన్ను లాగి వాడి చూడండి.

మంట మీరే ఆర్పేసినా సరే, ఫోను మాత్రం తప్పక చేయండి. గడ్డివామి లోపల నిప్పు గంటల తరబడి దాగి ఉండి, తెల్లారేసరికి మళ్ళీ లేస్తుంది. పైగా పరిహారానికీ, బీమాకూ వాళ్ళు వచ్చి చూసినట్టు కాగితం కావాలి.

మన ఇంట్లో మనం

* పొయ్యి బూడిద నేరుగా దిబ్బలో పోయకండి. నీళ్ళు చల్లి, చేత్తో తాకి చూసి, చల్లారాకే పోయండి.

* వాములు ఇంటికీ, కొట్టానికీ ఆనించి వేయించకండి. ఒక వామికీ ఇంకో వామికీ మధ్య బండి తిరిగేంత సందు వదలండి. కరెంటు తీగల కింద అసలే వద్దు.

* బాణలిలో నూనె అంటుకుంటే నీళ్ళు పోయకండి, మంట ఎగసి మీదికొస్తుంది. పొయ్యి ఆపి, పెద్ద మూత పక్కనుంచి జరిపి కప్పేసి, చల్లారేదాకా మూత తీయకండి.

* గ్యాసు వాసన వస్తే ఏ స్విచ్చీ వేయకండి, ఆపకండి. రెగ్యులేటరు ఆపి తలుపులు, కిటికీలు తెరవండి. గ్యాసు గాలికన్నా బరువు, నేల మీదే పరుచుకుంటుంది. కింద ఉన్న దేవుడి దీపం, సాంబ్రాణి సంగతి గుర్తుంచుకోండి.

* పొయ్యి దగ్గర నైలాను చీరలు, వేలాడే పైటలు వద్దు. చీర అంటుకుంటే పరిగెత్తకండి. నేల మీద పడి దొర్లండి. పక్కన ఉన్నవాళ్ళు మందపాటి దుప్పటి కప్పాలి.

* కాలిన చోట మామూలు నీళ్ళు ఇరవై నిమిషాలు ధారగా పోయండి. వాచిపోకముందే గాజులు, ఉంగరాలు తీసేయండి. పేస్టు, ఇంకు, నెయ్యి, పసుపు ఏదీ పూయకండి. శుభ్రమైన బట్ట వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

* పొగ నిండితే నిలబడకండి. తడిగుడ్డ ముక్కుకు కట్టుకుని మోకాళ్ళ మీద పాకుతూ బయటికి రండి. నగలకోసం, కాగితాలకోసం మళ్ళీ లోపలికి వెళ్ళవద్దు.

* తెగిపడిన తీగ చచ్చిందో బ్రతికిందో చూసి చెప్పలేం. బ్రతికే ఉందనుకుని దూరంగా నిలబడి, మిగతావాళ్ళను ఆపి, 1912కు చెప్పండి.

* మగ్గం ఉన్న ఇళ్ళలో రాత్రి పడుకునేముందు మెయిను ఆపండి. పూర్తయిన చీరలు, పట్టు నిలవ వంటగదికి ఆనుకున్న గోడ పక్కన పెట్టకండి. పొడి రకం ఆర్పే సిలిండరు ఒకటి గుమ్మం దగ్గర తగిలించి, దాని ముల్లు పచ్చరంగులో ఉందో లేదో నెలకోసారి చూడండి.

ఇవన్నీ చేస్తే నిప్పే రాదని కాదు. వచ్చినా ఒక వామితో పోయేది ఊరి మీదికి రాదు, సామానుతో పోయేది ప్రాణం మీదికి రాదు. ఫైరింజను ఎప్పుడూ రెండోదిగానే వస్తుంది. మొదట వచ్చేది పక్కింటి వదినే. ఆమె చేతిలో నిండు బిందె, మనసులో ఏం చేయాలో తెలిసిన ధైర్యం ఉండాలి. ఈ నెల సంఘం మీటింగు ఎప్పుడో ఒకసారి క్యాలెండరు చూసుకోండి మరి!